పట్టిక వద్దు, 2′ ఓహెచ్ పట్టుకోండి: నెట్ లైఫ్ సైన్సెస్‌కి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ చదివిన తీరు

సీఎస్ఐఆర్ నెట్ (సైన్సులో లెక్చరర్, పరిశోధన ఫెలోషిప్ అర్హత పరీక్ష)కి చదివే మనవాళ్ళు చాలామంది డీఎన్ఏ, ఆర్ఎన్ఏ తేడాలను డిగ్రీ నోట్సులోని పట్టిక చూసి బట్టీ పడుతుంటారు. ఆ పట్టిక, ఆలోచించి రాయాల్సిన పార్ట్ సి ప్రశ్నల దాకా రాదు. ఆర్ఎన్ఏలోని చక్కెర రైబోజ్‌లో 2′ (రెండో) కార్బన్ మీదున్న ఓహెచ్ (హైడ్రాక్సిల్ గ్రూపు) దగ్గర మొదలుపెట్టండి. డీఎన్ఏలో అక్కడ ఉత్త హైడ్రోజనే.

చెన్నై కోట్టూర్‌పురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీలో చదువుకునేటప్పుడు మేం ఒకరినొకరం ప్రశ్నలు అడుక్కునేవాళ్ళం. గుంటూరు నుంచి వచ్చిన అక్క ఒకామె ఓసారి, "రెండిటినీ సోడియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి ఏం మిగులుతుందో చెప్పు" అంది. ఈ అధ్యాయం మొత్తానికీ ఇంతకంటే మంచి ప్రశ్న లేదని నా నమ్మకం. క్షారంలో 2′ ఓహెచ్ ప్రోటాన్ పోగొట్టుకుని పక్కనే ఉన్న ఫాస్ఫరస్‌ మీద దాడి చేస్తుంది. ఆర్ఎన్ఏ గొలుసు తెగుతుంది. ముందు 2′,3′ సైక్లిక్ ఫాస్ఫేట్ వస్తుంది, అది విచ్చుకుని 2′, 3′ మోనోఫాస్ఫేట్ల మిశ్రమం అవుతుంది. డీఎన్ఏకి దాడి చేసే ఓహెచ్చే లేదు కాబట్టి పోగులు విడిపోతాయి తప్ప తెగవు. ఆర్ఎన్ఏ జంటపోగు 'ఎ-ఫారం' (A-form) అనే మెలిక ఆకారంలో ఉండటానికీ ఈ ఓహెచ్చే ముఖ్య కారణం. రైబోజైములు (ఎంజైముల్లా పనిచేసే ఆర్ఎన్ఏలు) చాలావాటిలో రసాయన చర్య జరిపేదీ అదే. శాస్త్రవేత్తలు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989 రసాయన నోబెల్ వచ్చింది ఈ రైబోజైములకే.

ఇక థైమిన్. ఆర్ఎన్ఏలో యురాసిల్ అనే బేస్ ఉండే చోట డీఎన్ఏలో ఉండేది ఇదే. యురాసిల్ 5వ కార్బన్ మీద మిథైల్ చేరిస్తే థైమిన్. ఆ మిథైల్ ఎందుకో ఆలోచించండి. రెండిట్లోనూ ఉండే మరో బేస్ సైటోసిన్ తనంతట తానే అమైనో గ్రూపు పోగొట్టుకుని యురాసిల్‌గా మారుతుంటుంది. డీఎన్ఏలో యురాసిల్ మామూలుగానే ఉండి ఉంటే, ఏది అసలుదో ఏది పాడైన సైటోసినో రిపేర్ ఎంజైముకి తెలిసేది కాదు. థైమిన్ ఉండటం వల్ల, కనిపించిన యురాసిల్‌నల్లా యురాసిల్ డీఎన్ఏ గ్లైకోసిలేజ్ నిశ్చింతగా కోసేస్తుంది. జన్యు సమాచారాన్ని తరతరాలు దాచాల్సిన అణువుకి ఇది ఎంత అవసరమో చూడండి!

బేసుల (ఎ అడెనిన్, జి గ్వానిన్, సి సైటోసిన్, టి థైమిన్, యు యురాసిల్) శాతాల లెక్కలు వస్తే తొందరపడకండి. జంటపోగులో ఎకి టి (ఆర్ఎన్ఏలో యు), జికి సి జత కాబట్టి అవి సమానంగా ఉంటాయి. ఎ 30, యు 20, జి 28, సి 22 అని ఇస్తే ఒంటిపోగు ఆర్ఎన్ఏ. కానీ ఎ, టి సమానంగా లేవని డీఎన్ఏని కొట్టేయకూడదు, ఫై ఎక్స్ 174 ఫేజ్‌లో (బ్యాక్టీరియాకి సోకే వైరస్) ఉండేది ఒంటిపోగు డీఎన్ఏనే. రోటావైరస్‌లో జంటపోగు ఆర్ఎన్ఏ. ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలు మోసే టీఆర్ఎన్ఏలో థైమిన్ కూడా ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్ఏ చూసి ఆర్ఎన్ఏ తయారవడం) అయ్యాక యురాసిల్‌కి మిథైల్ తగిలించడం వల్ల.