పెట్టావా, అయిందా?

పదకొండున్నర దాటింది. లైటు ఆపేసి పడుకుని, మళ్ళీ లేచి వేశాను. ఆ 60 షేర్లూ ఇంకా నా హోల్డింగ్స్‌లోనే ఉన్నాయి.

పొద్దున అత్తయ్యకు ఇడ్లీలు పెడుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ జీటీటీ ట్రిగ్గర్ అయిందని. జీటీటీ అంటే, ధర నేను చెప్పిన చోటికి దిగితే అమ్మకం ఆర్డర్ దానంతటదే ఎక్స్ఛేంజికి వెళ్ళేలా ముందే పెట్టుకునేది. అమ్ముడైపోయాయనుకున్నాను. ఈయనకు ఫోన్ చేసి, "టర్మ్ ఫీజు డబ్బులు రేపటికి వచ్చేస్తాయి, మీరేం సర్దక్కర్లేదు" అని కూడా చెప్పేశాను. 2023 జనవరి నుంచి ఏ షేరు అమ్మినా మర్నాటికే సెటిల్‌మెంట్ కదా, ఆ ధైర్యం. రాత్రి గిన్నెలు సర్దేసి యాప్ తెరిస్తే ఆర్డర్ పక్కన 'క్యాన్సిల్డ్' అని ఉంది.

ట్రిగ్గర్ 412, లిమిట్ 410 పెట్టుకున్నాను. నిన్న 418 దగ్గర ముగిసిన షేరు ఇవాళ తెరవడమే 403 దగ్గర తెరిచింది. 412 కన్నా దిగింది కాబట్టి ఆర్డర్ ఎక్స్ఛేంజికి వెళ్ళింది. 410కి తగ్గితే అమ్మొద్దన్నది నేనే. ఆ ధర ఇచ్చే కొనుగోలుదారు రోజంతా రాలేదు. ధర 408 దాటలేదు. మూడున్నరకు మార్కెట్ ముగిశాక ఆర్డర్ రద్దయింది. చివరి ధర 399.

410కీ 399కీ తేడా, షేరుకు 11 చొప్పున 660 రూపాయలు. నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. పొద్దున తొందరపడి మోగిన ఫోన్ మూడున్నరకు ఎందుకు మోగలేదు? ట్రిగ్గర్ అయిందని చెప్పినవాళ్ళు అమ్ముడుకాలేదని చెప్పొద్దా? పైగా జీటీటీ ఒకసారి ట్రిగ్గరయితే దాని పని అయిపోయినట్టే. ఏడాది గడువుందిలే అనుకోవడానికి లేదు, మళ్ళీ కొత్తగా పెట్టుకోవాలి. ఈ రాత్రి చూసుకోకపోతే రేపు ఆ షేర్లకు నష్టాన్ని ఆపే స్టాప్‌లాసే లేదు. పోయిన నెల కూడా ఇలాగే, సగమే అమ్ముడైన ఆర్డర్ గురించి కస్టమర్ కేర్‌కి చేస్తే "ఆర్డర్ బుక్‌లో కనిపిస్తుంది మేడమ్" అని పెట్టేశారు. కనిపిస్తుంది, నిజమే. నేను వెళ్ళి చూస్తే.

నాన్న ఉంటే ఒక్క ముక్క అడిగేవాడు. బడి వదిలాక సైకిల్ మీద బ్రాడీపేటలోని సబ్‌బ్రోకర్ ఆఫీసుకు వెళ్ళేవాడు. సెలవుల్లో వెనక నేనూ. మేడ మీద పెద్ద డిష్, కింద ఇరుకు గదిలో రెండు కంప్యూటర్లు, వాటి చుట్టూ పదిమంది. పొద్దున ఫోన్లో చెప్పిన ఆర్డర్ గురించి నాన్న అడగడం ఎప్పుడూ ఒకటే: "పెట్టావా? అయిందా?" కంప్యూటర్ దగ్గరి కుర్రాడు "అయిపోద్ది మాస్టారూ" అనేవాడు. "అయిపోద్ది అంటే అవలేదనేగా" అని నాన్న బల్ల దగ్గరే నిలబడేవాడు. ఇంట్లో ఒక పొడవాటి నోటుబుక్కు. పెట్టిన ఆర్డర్ పెన్సిల్‌తో రాసేవాడు. ట్రేడ్ అయిందని తెలిశాకే దాని మీద పెన్నుతో దిద్దేవాడు. అవని వాటిని రబ్బరుతో చెరపడం నా పని. ఆ పేజీలు అక్కడక్కడా పల్చబడి అవతలి వైపు కనిపించేవి. డబ్బు ఏ రోజు రావాలో పక్కనే రాసుకునేవాడు. మొదట్లో మూడు రోజులు లెక్కపెట్టేవాడు, 2003 ఏప్రిల్ నుంచి రెండు. ట్రేడ్ వివరాలతో బ్రోకరు ఇచ్చే కాంట్రాక్ట్ నోటు చేతికొచ్చాక ధరా, బ్రోకరేజీ సరిపోల్చి టిక్కు పెట్టేవాడు.

ఇంతవరకూ రాసి మళ్ళీ ఆర్డర్ బుక్ తెరిచాను. 9:15కి 'ఓపెన్', మూడున్నర తర్వాత 'క్యాన్సిల్డ్'. అమ్మావని అందులో ఎక్కడా లేదు. మెసేజ్‌లోనూ ట్రిగ్గర్ అనే ఉంది, అమ్ముడైందని లేదు. నాన్న ఒక్కసారైనా బల్ల దగ్గరికి వెళ్ళకుండా పెన్ను పట్టుకున్నాడా? నేను పొద్దున్నే పెన్నుతో రాసేసుకున్నాను.

లిమిట్ ఇంకా కిందికి, 395 అలా పెట్టుంటే 403కే అమ్ముడయ్యేది. అమ్మేటప్పుడు లిమిట్ ఎంత తక్కువగా ఉన్నా, ముందు దొరికేది అప్పటికి ఎక్కువ ఇస్తున్నవాడి ధరే కదా. ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య రెండు రూపాయల సందు ఇలాంటి రోజున ఎందుకూ చాలదు.

అయినా సరే, రద్దయినప్పుడు ఒక మెసేజ్ రావాల్సిందే. ఆర్డర్ పెట్టి కూర పొయ్యి మీద వేసుకునేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

జామ మొక్క మొదటి పూత వేసింది ఇవాళ. అత్తయ్య చూపించారు. సరిగ్గా చూడను కూడా లేదు.

ఈయనకు ఇంకా చెప్పలేదు. నిద్రపోతున్నారు. రేపు అమ్మితే డబ్బు ఎల్లుండికి వస్తుంది, ఫీజు గడువు శుక్రవారం దాకా ఉంది. రేపటికి ఏఎంఓ, అంటే మార్కెట్ మూసి ఉండగా పెట్టే ఆర్డర్, పెట్టాను, 60 షేర్లు, 394 లిమిట్. చిన్నదాని జామెట్రీ బాక్సులో పెన్సిల్ తీసి పాల లెక్క పుస్తకం వెనక రాశాను.