మైదా క్లే: ఉప్పు, మంట

ఆదివారం, మధ్యాహ్నం

ఈ రోజు పని పిల్లల ఆటకి క్లే. 240 మిల్లీలీటర్లు పట్టే కప్పుతో మైదా ఒక కప్పు, నీళ్లు ఒక కప్పు, మెత్తటి ఉప్పు పావు కప్పు. నూనె, నిమ్మరసం ఒక్కో టేబుల్ స్పూను.

ఉప్పు సంగతి వివరంగా రాసి పెట్టాలి. చాలామంది అరకప్పు వేస్తారు. అది దాదాపు 140 గ్రాములు. కప్పు నీళ్లలో కరిగేది 86 గ్రాములే, మరిగించినా పెద్దగా పెరగదు. కరగని ఉప్పు వేళ్లకి ఇసుకలా తగులుతుంది, క్లే ఆరేకొద్దీ తెల్లగా పైకి పేరుకుంటుంది. పావు కప్పయితే 70 గ్రాములు, హాయిగా కరిగిపోతుంది. ఇంకా తగ్గిస్తే మాత్రం బూజు తొందరగా పడుతుంది.

ముందు నీళ్లలో ఉప్పు, నిమ్మరసం, రంగు కలపాలి. రంగు చివర్లో కలిపితే చారలు పడతాయి, చేతులకీ అంటుతుంది. నూనె, మైదా వేసి ఉండలు లేకుండా గిలకొట్టాకే పొయ్యి మీద పెట్టాలి. మంట సన్నగా ఉండాలి. పెద్ద మంట మీద అడుగు గట్టిపడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. వేడి 60 డిగ్రీలు దాటాక మైదాలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, గరిటె ఒక్కసారిగా బరువెక్కుతుంది. అప్పుడు ఆపేయాలనిపిస్తుంది, ఆపకూడదు. గిన్నె అంచులు వదిలి మొత్తం ఒకే ముద్దయి, తడి మెరుపు పోయేదాకా తిప్పాలి. క్లే చేతికి జిగురుగా అంటుకుంటే, సగంసార్లు కారణం ఈ తొందరపాటే. దానికి మైదా చల్లడం మందు కాదు, మళ్లీ రెండు నిమిషాలు పొయ్యెక్కించాలి. ఎక్కువసేపు ఉంచితే పొడిబారి పగుళ్లిస్తుంది. గోరువెచ్చటి నీళ్లు నాలుగైదు చుక్కలు వేసి పిసికితే సర్దుకుంటుంది.

చేయి పట్టే వేడికి రాగానే అయిదు నిమిషాలు పిసకాలి, చెవితమ్మె అంత మెత్తదనం వచ్చేదాకా.

వేడిగా ఉండగా డబ్బాలో పెట్టొద్దు. మూత కింద ఆవిరి నీరై కారి పైపొర జిగటగా మారుతుంది, బూజూ అక్కడే మొదలవుతుంది. చల్లారాక గాలి చొరబడని డబ్బాలో కొన్ని వారాలు ఉంటుంది. కుక్కలకి మాత్రం అందనివ్వకూడదు. ఇంత ఉప్పున్న ముద్ద మింగితే వాటి ప్రాణానికే ప్రమాదం.

ఎండబెట్టి దాచుకునే బొమ్మలకి ఇది పనికిరాదు. పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి తర్వాత ఆరుతూ కుంచించుకుపోతుంది. మెడ, కాళ్ల దగ్గరే ముందు చీలుతుంది.