పిన్ని తలలో ఓ బుల్లి క్లిప్పు

"ఇంతే అమ్మా, ఇదే" అంటూ డాక్టరు గారు డ్రాయర్లోంచి తీసి నా అరచేతిలో పెట్టారు. టైటానియం క్లిప్పు. అచ్చం బట్టలారేసే క్లిప్పులా స్ప్రింగుతో, వేలి కణుపంత కూడా లేదు. అలాంటిదే ఒకటి ఈ మధ్యాహ్నం నుంచి మా పిన్ని తలలో ఉంది.

నిన్న తాలింపు పెడుతూ "తల పగిలిపోతోందే" అని అక్కడే కూలబడింది. మెదడులో ధమని ఒకచోట బుడగలా ఉబ్బి, చిట్లిందట.

తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, ఉబ్బులో ప్లాటినం తీగ చుట్టలు నింపే పద్ధతీ ఉంది. పిన్నికి ఆ ఉబ్బు మెడ, అంటే అది ధమనికి అతుక్కునే చోటు, వెడల్పు, చుట్టలు నిలవవన్నారు. అందుకే పుర్రె తెరిచి, ఆ ఉబ్బు మెడ దగ్గర క్లిప్పు బిగించారు. ఉబ్బులోకి రక్తం పోదు, అసలు దారి మాత్రం మామూలుగా పారుతుంది. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ మొదటిసారి ఇలా క్లిప్పు వేసినప్పుడు మెదడు ఆపరేషన్లకు మైక్రోస్కోపు కూడా లేదు. ఏం ధైర్యమో మహానుభావుడిది!

గండం పూర్తిగా గట్టెక్కలేదు. రెండు వారాల దాకా మిగతా నాళాలు బిగుసుకుపోయే భయం ఉందట. అందుకే నిమోడిపిన్ అనే మందు, నాలుగు గంటలకోసారి, 21 రోజులు.

సాయంత్రం పిన్ని కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట: "జుట్టెంత తీసేశారు?"

మాత్రలు ఐసీయూలో నర్సమ్మే వేస్తుంది. అయినా బాబాయి ఫోన్లో అన్నిటికీ అలారం పెట్టేసుకున్నాడు. రాత్రి రెండింటికి వెయిటింగ్ హాలంతా లేచి కూర్చోవడం ఖాయం.