టోర్డెన్‌షోల్డ్ డయోరామా: తాళ్ల పని, జెండాలు, మధ్యలో పడవ

నా డయోరామాలో, అంటే ఒక సన్నివేశాన్ని చిన్న బొమ్మలతో కట్టి చూపించే నమూనాలో, రెండో ఓడ కూడా బల్ల మీదికి ఎక్కింది. ఒక పక్క డెన్మార్క్ ఫ్రిగేట్ (వేగంగా పోయే తెరచాపల యుద్ధనౌక) 'లోవెన్‌డాల్స్ గలై', ఎదురుగా స్వీడన్ ఓడ 'ఒల్బింగ్ గాలీ'. రెండింటి మధ్య బెత్తెడు నీళ్లు వదిలాను. నాకు ఈ డయోరామా అంతా ఆ ఖాళీ కోసమే.

కథ తెలియనివాళ్ల కోసం కాస్త. తర్వాత టోర్డెన్‌షోల్డ్‌గా పేరు పొందిన పీటర్ వెసెల్ 1690లో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో పుట్టాడు. అప్పుడు డెన్మార్క్, నార్వే రెండింటికీ రాజు ఒక్కడే. కుర్రతనంలోనే ఓడెక్కిన వెసెల్ 1711లో నౌకాదళంలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. నార్వే గవర్నర్ లోవెన్‌డాల్ అతని సత్తా పసిగట్టి ముందు 'ఓర్మెన్' అనే చిన్న ఓడ, ఆ తర్వాత తన పేరు పెట్టిన 20 ఫిరంగుల ఫ్రిగేట్ చేతికిచ్చాడు.

అప్పట్లో డెన్మార్క్‌కు, స్వీడన్‌కు యుద్ధం నడుస్తోంది. 1714 జులైలో నార్వే దక్షిణ కొసన లిండెస్నెస్ దగ్గర ఈ ఫ్రిగేట్‌కు ఒల్బింగ్ ఎదురుపడింది. వెసెల్ డచ్ జెండాతో వస్తున్నాడు, అవతలి ఓడ ఇంగ్లిష్ జెండాతో. అది స్వీడన్ కోసం ఇంగ్లండ్‌లో సిద్ధం చేసిన 28 ఫిరంగుల ఓడ, కెప్టెన్ బాక్ట్‌మన్ కూడా ఇంగ్లిష్‌వాడే. అసలు రంగులు బయటపడ్డాక పద్నాలుగు గంటలకు పైగా కొట్టుకున్నారు. చివరికి వెసెల్ దగ్గర మందుగుండు అయిపోయింది. పారిపోలేదు. పడవలో మనిషిని పంపి, బాగా పోరాడారని థాంక్స్ చెప్పించి, పోరు కొనసాగించడానికి కాస్త మందుగుండు అప్పివ్వమని అడిగించాడు! వాళ్లు ఇవ్వలేదు. ఇద్దరు కెప్టెన్లూ ఒకరి ఆరోగ్యం కోసం ఒకరు గ్లాసెత్తి, ఎవరి దారిన వాళ్లు పోయారు. అప్పటికి వెసెల్‌కు ఇరవై మూడేళ్లు.

నేను చేస్తున్నది ఆ పడవ మధ్యదారిలో ఉన్న క్షణం. అందుకే దూదితో ఫిరంగి పొగ పెట్టడం లేదు. పోరు ఆగిపోయింది, కానీ దెబ్బలన్నీ కళ్లకు కనబడాలి.

స్కేలు 1:200. అప్పటి చిన్న ఫ్రిగేట్ల కొలతల్ని బట్టి ఓడ పొడవు 15 సెంటీమీటర్ల దగ్గరకొస్తుంది, మనిషి ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు. నీటి మట్టం పైభాగం మాత్రమే బాల్సా అనే తేలికపాటి చెక్కలో చెక్కాను. మాస్టులకు, అంటే తెరచాపలు మోసే స్తంభాలకు, కబాబ్ పుల్లల్ని డ్రిల్లులో బిగించి, ఎమరీ కాగితంతో కొసలు సన్నం చేశాను. ఫిరంగి మూతులకు కరెంటు వైరులోని రాగి తీగ ముక్కలు చాలు.

తెరచాపలు ట్రేసింగ్ పేపర్, పల్చటి టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టినవి. చిల్లులు పెట్టడానికి చాలామంది అగరుబత్తి వాడతారు. అంచు నల్లగా కాలుతుంది, చూడ్డానికి బావుంటుంది. కానీ గుండు గుడ్డను కాల్చదు, చించుకుంటూ పోతుంది. అందుకే వెనక నుంచి సూదితో పొడిచి, చిరుగును కుట్టు గీత వెంట కిందికి లాగాను. తెగిన తాళ్లు గాల్లో నిటారుగా నిలబడిపోకుండా దారం కొసకు ఫెవికాల్ చుక్క పెట్టి, ఆరేదాకా చిన్న క్లిప్పు బరువు వేలాడదీయాలి. మాస్టును నిలబెట్టే తాళ్లకు తారు పూసేవాళ్లు కాబట్టి అవి నలుపు. చాపల్ని తిప్పే తాళ్లు లేత గోధుమ రంగు. అన్నిటికీ ముందు తేనెమైనం రాస్తే నూగు లేవదు.

జెండాల పనికి ఎక్కువసేపు పట్టింది. డెన్మార్క్ యుద్ధనౌక జెండా ఎర్రది, మధ్య తెల్ల శిలువ, కొస రెండు పాయలుగా చీలి ఉంటుంది. స్వీడన్ వాళ్లది నీలం మీద పసుపు శిలువ, మూడు నాలుకలు. పల్చటి కాగితానికి రెండు వైపులా రంగు వేసి, తడి పూర్తిగా ఆరకముందే పెన్సిలు చుట్టూ తిప్పితే మడతలు సహజంగా వస్తాయి.

సముద్రానికి ఫోమ్ బోర్డు మీద టిష్యూ కాగితం, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్. మన బంగాళాఖాతం నీలం ఇక్కడ పనికిరాదు, బూడిద కలిసిన పచ్చ కావాలి. పైన మెరిసే వార్నిష్ మూడు పూతలు.

ఆ పడవ వల్ల వెసెల్ కోర్టు మార్షల్ ఎదుర్కొన్నాడు. ఓడను ప్రమాదంలో పెట్టాడని, మందుగుండు లేదన్న సంగతి శత్రువుకు చెప్పేశాడని ఆరోపణ. నిర్దోషిగా బయటపడి, అదే ఏడాది చివర కెప్టెన్ అయ్యాడు. 1716లో రాజు అతన్ని ప్రభువర్గంలో చేర్చి టోర్డెన్‌షోల్డ్ అనే పేరిచ్చాడు. అదే ఏడాది జులైలో స్వీడన్ తీరంలోని డైనెకిలెన్ అనే ఇరుకు సముద్రపాయలో స్వీడన్ సరుకుల నౌకాదళాన్ని దెబ్బతీశాడు. 1720లో ముప్పై ఏళ్లకే ద్వంద్వ యుద్ధంలో పోయాడు.

ఇక మిగిలింది పడవే. పొడవు మూడు సెంటీమీటర్లు. తెడ్లు వేసేవాళ్లు నలుగురు, నిలబడ్డ దూత ఒకడు, అందరూ రాగి తీగ మీద ఎం-సీల్‌తో. దూత మొహం ఒల్బింగ్ వైపు ఉండాలి, తెడ్లవాళ్ల మొహాలు వెనక్కి, తమ ఓడ వైపు. బొమ్మల్ని అతికించాకే పడవను నీళ్లలో దించుతాను, లేకపోతే రెండు ఓడల తాళ్ల మధ్య పట్టకారు దూరదు.