గోరుచిక్కుడు వెంట: జోధ్‌పూర్ నుంచి నరసాపురం దాకా

నవంబరులో జోధ్‌పూర్ బాస్ని పారిశ్రామికవాడలో అడుగుపెడితే ఎటు చూసినా గ్వార్ గింజల బస్తాలే. మనం కొబ్బరికోరు వేసి వండుకునే గోరుచిక్కుడే ఇది. కాయ ముదిరి ఎండాక, గింజలోని జిగురే చమురు, గ్యాస్ బావుల్లో రాయిని పగలగొట్టే ద్రవానికి ప్రాణం. లోతైన బావి వేడికి ఆ జిగురు ఎంతసేపు నిలుస్తుందో చూడాలని మిల్లు నుంచి గోదావరి తీరం దాకా దాని వెంటే వెళ్లాం.

మిల్లులో గింజను బద్దలు చేసి, వేయించి, పొట్టునూ మొలక భాగాన్నీ రాలగొడతారు. ఆ చూరి, కొర్మా పశువుల దాణాకు పోతాయి. మిగిలిన తెల్లబద్దల్ని తడిపి, నలిపి, మెత్తగా పిండి పట్టి 200 మెష్ (అంగుళానికి 200 కన్నాల) జల్లెడ పడతారు. ఈ మామూలు పిండిలో పదోవంతు దాకా నీళ్లలో కరగని పిప్పి ఉంటుంది. రాతి పగులు మూసుకోకుండా అందులో నింపే గుళికల సందుల్ని పూడ్చేది అదే. వేడి బావులకైతే బద్దల్ని క్షారంలో ప్రొపిలీన్ ఆక్సైడ్‌తోనూ మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతోనూ కలిపి సీఎంహెచ్‌పీజీగా (కార్బాక్సిమిథైల్ హైడ్రాక్సీప్రొపైల్ గ్వార్) మారుస్తారు. పిప్పి ఒకటి రెండు శాతానికి దిగుతుంది. కొనేవాళ్లు ధరకన్నా ముందు అడగాల్సిన అంకె ఇది.

రెండు రోజుల రైలు తర్వాత, డెల్టాలో వరికోతల మధ్య ల్యాబు. లోతు 4,000 మీటర్లు, అడుగున 165 డిగ్రీల సెల్సియస్ అనే లెక్కతో ద్రవం తయారుచేశాం. లీటరు నీటికి 4.8 గ్రాముల సీఎంహెచ్‌పీజీ పిండి. బావి దగ్గర దీన్నే వెయ్యి గ్యాలన్లకు 40 పౌండ్లంటారు. నీటి పీహెచ్ 6–7 మధ్య ఉండగానే పిండి నానాలి. క్షారం ముందే పడితే సరిగా నానదు. అరగంటకు పల్చటి గంజిలా చిక్కబడ్డాక లీటరుకు 1.2 నుంచి 2.4 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ కలపాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ వేడిలో జిగురు గొలుసుల్ని తెంచకుండా కాపాడేది ఇదే. తర్వాత పీహెచ్‌ను 9–10కి తెచ్చే బఫర్, చివర్లో జిగురు గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసి జెల్‌గా మార్చే జిర్కోనియం క్రాస్‌లింకర్.

క్రాస్‌లింకర్లలో బోరేట్ చవక, పైగా తెగినా మళ్లీ అతుక్కుంటుంది. కానీ సుమారు 150 డిగ్రీలు దాటితే దాని బంధాలు నిలవవు. జిర్కోనియం వేడికి నిలుస్తుంది, అయితే గొట్టంలో వేగానికి ఒకసారి తెగితే అతకదు. అసలు నేర్పంతా ఇక్కడే. మూడున్నర అంగుళాల ట్యూబింగ్‌లో (బావి లోపలి గొట్టంలో) 4,000 మీటర్లకు దాదాపు 114 బ్యారెళ్లు పడతాయి. నిమిషానికి 20 బ్యారెళ్లు పంపితే అడుగు చేరడానికి 5.7 నిమిషాలు. జెల్ బిగుసుకోవడం నాలుగో నిమిషం ప్రాంతంలో మొదలవ్వాలి. తొందరపడితే గొట్టంలోనే చిరుగుతుంది, ఆలస్యమైతే గుళికలు అడుగున పేరుకుని బావి బిగుసుకుంటుంది.

పరీక్షకు ఒత్తిడిలో చిక్కదనం కొలిచే ప్రెజర్ విస్కోమీటర్ వాడాం: ఆర్1బీ5 జత (తిరిగే గొట్టం, దాని లోపల బాబ్ అనే కడ్డీ), 118 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 100 షియర్ రేటు (ద్రవం పొరలు ఒకదానిపై ఒకటి జారే వేగం). మరగకుండా పైన 400 పీఎస్‌ఐ నైట్రోజన్. పంపింగ్ జరిగినంతసేపూ చిక్కదనం 100 సెంటీపాయిజ్‌కు తగ్గకూడదు. ఒక్కోసారి అంకె ఠక్కున పడిపోతుంది. వెంటనే రసాయనాన్ని తప్పుపట్టకండి, మూత విప్పి చూడండి: జెల్ బాబ్ కాడ మీదికి పాకి ఉండొచ్చు. 200 డిగ్రీల పైన మాత్రం గోరుచిక్కుడు చేతులెత్తేస్తుంది. అక్కడ యాక్రిలమైడ్ జాతి కృత్రిమ పాలిమర్లే దిక్కు.

పని అయ్యాక జెల్‌ను విరగ్గొట్టి పల్చబరచాలి కూడా. ఈ వేడికి, మామూలుగా గొలుసుల్ని తెంచే పర్‌సల్ఫేట్ క్షణాల్లో ఖర్చైపోతుంది కాబట్టి నెమ్మదిగా పనిచేసే సోడియం బ్రోమేట్ వాడతారు.

చివరి మజిలీ నరసాపురం వైపు ఒక బావి. అక్కడ అందరి కళ్లూ పంపుల మీదే. మా దృష్టి నీళ్ల మీద. కాలువనీటి బ్యాక్టీరియా ఎంజైములు జిగురును తినేస్తాయి, కాబట్టి ట్యాంకు నింపకముందే అడుగున బయోసైడ్ (బ్యాక్టీరియాను చంపే మందు) పోయాలి. బోరునీటిలో బైకార్బనేట్ ఎక్కువైతే జిర్కోనియం లెక్క తప్పుతుంది. ప్రతి ట్యాంకు నుంచీ విడిగా నీళ్లు తీసి జెల్ కట్టి చూశాం. గ్లాసు వంచితే అంచు మీద నాలుకలా వేలాడి, నిలబెడితే వెనక్కి లాక్కోవాలి. జెల్ అలా వెనక్కి వెళ్లకపోతే, ఆ ట్యాంకును వరుసలోంచి తప్పించాకే పంపింగ్.