శిక్షణ హాల్లో బల్బు వెలగకపోవాలి

సైన్సు, లెక్కల టీచర్లకు ఇచ్చే శిక్షణ చాలావరకు మెట్లు దిగుతూ వస్తుంది. రాష్ట్ర స్థాయిలో నేర్చుకున్నవాళ్లు జిల్లాకు, జిల్లా వాళ్లు మండలానికి చెబుతారు. ఇందులో పీపీటీ క్షేమంగా కిందికి చేరుతుంది, ప్రయోగం మాత్రం పై మెట్టు మీదే ఆగిపోతుంది. నన్నడిగితే ఐదు రోజుల ఉపన్యాసాల కంటే ఒక్క పాఠం మీద గడిపిన ఒక్క పూట నయం.

విద్యుత్ వలయం పాఠమే తీసుకోండి. ఇద్దరిద్దరికి 1.5 వోల్టుల సెల్లు ఒకటి, 2.5 వోల్టుల టార్చి బల్బు ఒకటి, జానెడు వైరు ఒకటి ఇవ్వాలి. హోల్డరు వద్దు. బల్బు వెలిగించమనాలి. రెండో వైరు కావాలని అడుగుతారు, ఇవ్వొద్దు. పది నిమిషాలపాటు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ నోరు మెదపకూడదు (అన్నిటికంటే కష్టమైన పని ఇదే).

బల్బును సెల్లు మొన మీద నిలబెట్టి, కింది నుంచి తెచ్చిన వైరును కూడా బల్బు అడుగునే తాకించేవాళ్లు ఉంటారు. అప్పుడు కరెంటు ఫిలమెంటులోకి పోనే పోదు, వైరు వేడెక్కుతుంది, వెంటనే తీసేయాలి. పుస్తకంలో బల్బంటే ఒక సున్నా, దానికి అటొకటి ఇటొకటి గీత. అసలు బల్బులో ఫిలమెంటు ఒక కొస అడుగు మొనకు, ఇంకో కొస పక్కనున్న లోహపు తొడుగుకు కలుస్తాయని ఆ బొమ్మ చెప్పదు. వైరును తొడుగుకు తాకిస్తే వెలుగుతుంది.

సామాను దగ్గరా చిక్కులుంటాయి. ఇప్పటి టార్చిల్లో ఉండేవి ఎల్ఈడీలు. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి కాబట్టి ఒక్క సెల్లుతో వెలగదు. ఫిలమెంటు బల్బులే వెతికి కొనాలి. రాగి తీగకు ఎనామిల్ పూత ఉంటే రెండు కొసలూ గీకాలి. ఒక్క సెల్లుకు వెలుగు మసకగా వస్తుంది, కిటికీ పక్కన కూర్చుంటే కనబడదు. ఐదారు బల్బులు ఎక్కువే ఉంచుకోవాలి, ఎవరో ఒకరు మూడు సెల్లులు కలిపి మాడ్చేస్తారు.

లెక్కల్లో సామాను అక్కర్లేదు, పిల్లల జవాబు పత్రాలు చాలు. 0.35, 0.5లలో ఏది పెద్దది? 35 పెద్దది కాబట్టి 0.35 అనే పిల్లలు దొరుకుతారు. దాన్ని 'పాయింట్ ముప్పై ఐదు' అని చదివే అలవాటు ఈ తప్పును పెంచుతుంది, 'పాయింట్ మూడు ఐదు' అనాలి. కొందరు దీనికి సరిగ్గా ఎదురు: నూరో వంతు పదో వంతు కన్నా చిన్నది గనక, పాయింటు తర్వాత అంకెలు ఎక్కువున్నదే చిన్నదంటారు. వీళ్లకు పై ప్రశ్నలో మార్కు వచ్చేస్తుంది! అందుకే 0.75, 0.3 జత కూడా ఇవ్వాలి, అక్కడ దొరికిపోతారు. సున్నా చేర్చి అంకెలు సమానం చేసే చిట్కా జవాబును సరిచేస్తుంది గానీ తప్పు ఆలోచనను దాచేస్తుంది. నూరు గళ్ల కాగితం మీద 50 గళ్లకు, 35 గళ్లకు రంగు వేయించడం మేలు.

శిక్షణలో ఆ పత్రాలను పేర్లు తీసేసి పంచాలి. 'బేసిక్స్ లేవు' అనే జవాబు చెల్లదు. ఆ పిల్ల ఏ సూత్రం పట్టుకుందో, 0.62, 0.8 ఇస్తే ఏమంటుందో టీచరు రాయాలి.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్సు కార్యక్రమం ఈ దారిలోనే నడిచింది. పిల్లలు చేయాల్సిన ప్రయోగాలను టీచర్లు శిక్షణలో ముందు తామే చేసేవాళ్లు, ఆ తర్వాత నెలనెలా కలిసి బడిలో ఎదురైన ఇబ్బందులు మాట్లాడుకునేవాళ్లు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. దాన్నుంచి తెచ్చుకోవాల్సింది ప్రయోగాల కిట్టు కంటే ముందు ఆ నెలవారీ కలయికే. మనకు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ ఉన్నాయి. సర్క్యులర్లు చదివే పని వాట్సాప్‌కు వదిలేసి, ఒక్కో టీచరు తన తరగతి నుంచి పది తప్పు జవాబులు తెస్తే రెండు గంటలకు సరిపడా పని ఉంటుంది.