తెర మీదకు రాని పాలిప్‌ను ఏఐ కూడా పట్టలేదు

కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్షలో, ఏఐ ముఖ్యంగా చేసేది ఇది: కెమెరా పంపే వీడియోను అక్కడికక్కడే చూస్తూ, పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) అనిపించిన చోట తెర మీద గడి గీస్తుంది. అవునో కాదో తేల్చాల్సింది డాక్టరే.

2019లో వెలువడ్డ ఒక చైనా అధ్యయనంలో, ఏఐ సాయంతో అడినోమా (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్) దొరికినవాళ్ల శాతం 20.3 నుంచి 29.1కి పెరిగింది. అదనంగా దొరికినవి ఎక్కువగా చిన్నవే.

అసలు చిక్కు వేరే. మడత వెనక దాగినదాన్ని, మలం కప్పేసినదాన్ని ఏ ప్రోగ్రామూ చూడలేదు. అందుకే పేగు శుభ్రతే ముందు మాట. పేగును ఖాళీ చేసే మందులో సగం ముందురోజు సాయంత్రం తాగాలి. మిగతా సగం పరీక్షకు 4–6 గంటల ముందు మొదలుపెట్టి, 2 గంటల ముందుకల్లా ముగించాలి. పేగు శుభ్రతకు 0 నుంచి 3 వరకు మార్కులిచ్చే బోస్టన్ స్కేలులో పెద్దపేగు మూడు భాగాలకూ కనీసం 2 చొప్పున రావాలి.

స్కోపును సీకమ్ (పెద్దపేగు మొదటి భాగం) నుంచి వెనక్కి తీసేటప్పుడే నిజమైన వెతుకులాట. చూడ్డానికే కనీసం 6 నిమిషాలు పట్టాలి, పాలిప్ కోసే సమయం కాకుండా. బుడగల మీదా, మలం తునకల మీదా గడులు మెరుస్తూనే ఉంటాయి. క్షణంలో మాయమయ్యేవి చాలావరకు తప్పుడు హెచ్చరికలే. బుడగలను పోగొట్టే సిమెథికోన్ మందు కలిపిన నీటితో కడిగి పీల్చేస్తే ఆ గోల తగ్గుతుంది.

నన్ను కలవరపెట్టేది 2025 నాటి పోలండ్ అధ్యయనం. డాక్టర్లు ఏఐకి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమా దొరికిన శాతం 28.4 నుంచి 22.4కి పడిపోయింది.